అవ్వ అరుగు మీద తెల్లంగి సారు

"తెల్లంగి సారు పోయిండట" అన్నాడు రాజలింగు, నీళ్ళ ట్యాంకరును నా ఇస్త్రీ బండి పక్కన ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి.

"యాడికి? మల్ల ట్రాన్స్‌ఫరా?" అన్నాను.

"ఈసారి చానా దూరం. వాపసు రాని పోస్టింగు."

నేను ఇస్త్రీ పెట్టెను ఇటుక మీద పెట్టాను. కోస్తాలో వాళ్ళ ఊళ్ళో, మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కునే చోట కూలబడి పోయాడట. కంపెనీలో అప్పట్లో పనిచేసిన క్లర్కు ఎవరో రాజలింగుకు ఫోను చేశాడు.

"చెయ్యి కడుక్కోక ముందా, కడుక్కున్నంకనా?" అని అడిగాను.

మీకు ఇది వెటకారంలా అనిపించవచ్చు. ఆయన్ని ఎరిగినవాడెవడైనా మొదట అడిగేది అదే. రాజలింగు కూడా నవ్వలేదు. "కడుక్కున్నంకనే. తువ్వాలతోని తుడుసుకున్నడట గూడ" అన్నాడు.

అయితే తృప్తిగానే పోయాడన్నమాట.

సెంటినరీ కాలనీ మూల మీద నేను ఇస్త్రీ బండి పెట్టిన కొత్తలోనే ఆయన ఈ గడ్డ మీదికి వచ్చాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని మీది మట్టి తీయడానికి, ఆ మట్టి లారీలు తిరగడానికి రోడ్డు వేయడానికి ఎక్కడిదో పెద్ద కాంట్రాక్టు కంపెనీ వచ్చింది. పేరు చెబితే మీకూ నాకూ లాభం లేదు. ఆ కంపెనీలో ఈయన పర్యావరణ అధికారి. నేను ఆరో తరగతిలో బడికి సెలవు పెట్టి, ఆ సెలవును ఇప్పటిదాకా పొడిగిస్తూ వస్తున్నవాణ్ణి, కాబట్టి ఆ ఉద్యోగం ఏమిటో నాకు ఒక పట్టాన అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మట్టి తవ్వే కంపెనీలో మట్టి లేదని చెప్పే ఉద్యోగం.

చెప్పడానికి ఆయన దగ్గర ఉన్న సాక్ష్యం ఒకటే, ఒంటి మీది తెల్ల చొక్కా. బొగ్గు బాయిల దగ్గర తెల్ల చొక్కా వేసేవాళ్ళు ఇద్దరే, పెళ్ళికొడుకూ, కొత్తగా వచ్చినవాడూ. కొత్తగా వచ్చినవాడు కూడా నెల తిరిగేసరికి బూడిద రంగులోకి దిగుతాడు. ఈయన దిగలేదు. నడిచేటప్పుడు ఎక్కడ ఏం అంటుకుంటుందో అన్నట్టు మోచేతులు పక్కలకు తగలకుండా పట్టుకుని, ఆరని సిమెంటు మీద నడిచే మనిషిలా అడుగులు వేసేవాడు. కూర్చోవాలంటే ముందు రుమాలు పరిచేవాడు. చాయ్ ఇస్తే గ్లాసు మీద అరచెయ్యి కప్పి, వేళ్ళ సందులోంచి తాగేవాడు. అలా ఎలా తాగొచ్చో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి వెళ్ళి ప్రయత్నించి మూతి కాల్చుకున్నాను.

కమాన్‌పూర్ వైపు వెళ్ళే దారిలో, లారీల రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు ఉంది. దాని మొదట్లో కంపెనీ ఒక పచ్చ బోర్డు పాతింది. దాని మీద మూడు హామీలు. పైన, రోడ్ల మీద రోజూ నీళ్ళు చల్లుతాము. నడుమ, లారీలకు పరదాలు కడతాము. కింద, మట్టి గుట్టల మీద మొక్కలు పెంచుతాము. పాతిన మూడో రోజుకే బోర్డు పచ్చదో ఎర్రదో తెలియకుండా దుమ్ము పట్టింది. సారు అటు వెళ్ళినప్పుడల్లా జీపు ఆపించి, రుమాలు తీసి దాన్ని తుడిచేవాడు. మనిషేమో పొట్టి. చెయ్యి అందినంత మేరకే తుడిచేవాడు. అందుకని ఊరికి కింది రెండు హామీలే కనిపించేవి. నీళ్ళ హామీ ఎప్పుడూ దుమ్ములోనే ఉండేది.

"సారూ, పైది గూడ తుడువున్రి" అన్నాను ఒకసారి.

"ప్రాసెస్‌లో ఉందండి" అన్నాడు.

అది ఆయన ఊతపదం. లారీలకు పరదాలు ఏవి సారూ? ప్రాసెస్‌లో ఉన్నాయండి. బోరింగు ఎర్రగ పోస్తున్నది సారూ? ప్రాసెస్‌లో ఉందండి. ఆఖరికి నేను, "సారూ, మీకు పిల్లలెంత మంది?" అని అడిగితే కూడా అలవాటు కొద్దీ అదే అనబోయి, నాలుక కరుచుకుని, "ఒక పాపండి" అన్నాడు.

మాటకు మాట ఇచ్చేవాడు, అందులో తక్కువవాడేం కాదు. మట్టి గుట్ట మీద నాటిన మొక్కల్ని మేకలు మేస్తున్నాయని ఊరివాళ్ళు చెబితే, "మేయనివ్వండి, మేకలు కూడా పర్యావరణమేనండి" అన్నాడు. పదేళ్ళు పోతే ఆ గుట్ట మీద నెమళ్ళు ఆడతాయని కూడా అన్నాడు. చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుని, నిజంగా నెమలిని చూస్తున్నట్టే చెప్పేవాడు. ఆ నమ్మకం చూస్తే ఎగతాళి చేయబుద్ధి కాదు. నేను చేసేవాణ్ణి, అది వేరే సంగతి.

ఇక తెల్ల చొక్కా రహస్యం. రహస్యమని ఆయన అనుకునేవాడు. రోజుకు మూడు చొక్కాలు నా బండి దగ్గర ఉండేవి. పొద్దున వేసుకొచ్చింది మధ్యాహ్నం బ్లాస్టింగు సైరను మోగేసరికి గోధుమ రంగు తిరిగేది. అప్పుడు నా బండి వెనక పరదా చాటుకు వెళ్ళి రెండోది తొడిగేవాడు. సాయంత్రం ఊళ్ళో మీటింగు ఉంటే మూడోది. బండి ముందు నిలబడ్డ బాయి పనివాళ్ళకు పరదా కింద ఆయన బూట్లు కనిపిస్తూనే ఉండేవి. "సారు సెకండు షిఫ్టుకు దిగుతుండు" అనేవారు. సాయంత్రం అయితే, "ఇగ నైటు షిఫ్టు" అనేవారు. దుమ్ము పెరిగిన కొద్దీ ఊరందరి బట్టలూ నా దగ్గరికి రావడం కూడా పెరిగింది కనుక, కంపెనీ నిజంగా బాగుచేసింది ఎవరినంటే నన్నే.

మీటింగులో సారు లేచి నిలబడేవాడు. చేతులు రెండు పక్కలకు చాపి, బట్టల కొట్టులో బొమ్మలా ముందూ వెనకా తిరిగి చూపించేవాడు. "చూడండి, పొద్దుటి నుంచి ఇదే చొక్కా అండి. ఎక్కడైనా దుమ్ము కనిపిస్తోందా?" జనం తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకునేవారు. దుమ్ముకని ఆయన అనుకునేవాడు. నవ్వుకు.

ఆ ఊళ్ళో రోడ్డుకు మొదటి ఇల్లు ఒక అవ్వది. అవ్వ అంటే నాకు వరసకు కాదు, ఊరందరికీ అవ్వే. చర్చికి వెళ్ళే ఇల్లు. ఆమె పెనిమిటి, మేమంతా కాక అని పిలిచే మనిషి, ఉద్యోగమంతా భూమి లోపలే చేసి రిటైరయ్యాడు. రొమ్ము చెడిపోయింది. రాత్రుళ్ళు పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ దగ్గుతాడు. పగలన్నా ఒక కునుకు పడితే మనిషి నిలుస్తాడని దవాఖానలో చెప్పారు. ఇంట్లో గాలి ఆడదు, అరుగు మీద మంచం వేస్తే దుమ్ము. అవ్వ పాత చీర తడిపి అరుగుకు అడ్డం కట్టేది. పొద్దెక్కేసరికి అది దుమ్ము తాగి, ఎండి, రేకులా గలగలలాడేది. కాకకు పగలు ఒక కునుకు. అవ్వకు కంపెనీ నుంచి కావలసింది అంతే. గుట్ట మీద నెమలి ఆడినా ఆడకపోయినా ఆమెకు ఫికర్ లేదు.

ఒక మీటింగులో సారు అటూ ఇటూ తిరిగి చొక్కా చూపించడం అయ్యాక, అవ్వ లేచింది.

"సారూ, గా అంగి నిజంగ పొద్దటిదేనా?"

"ప్రమాణం చేసి చెబుతున్నానండి."

"ప్రమాణాలొద్దు, మా బైబిల్ల వద్దన్నరు. ఓ పని జెయ్యి. రేపు పొద్దుగాలకెల్లి మాపటి దాక మా అరుగు మీద కూసో. అన్నం నేనే పెడ్త. మాపటికి అంగి గిట్లనే ఉంటే ఊరంత నోరు మూసుకుంటం."

"నల్లగైతే?" అని నేను వెనక నుంచి అరిచాను.

"నల్లగైతే నువ్వు ఉతుకు. నీకేం పని?" అంది అవ్వ.

జనం నవ్వారు. సారు చెవులు ఎర్రబడ్డాయి. పౌరుషం వచ్చింది. "కూర్చుంటానండి" అన్నాడు. మా ఊళ్ళల్లో పందెం అంటే ఏమిటో ఆయనకు తెలియదు పాపం. ఒప్పుకున్నాక తప్పుకుంటే పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

తెల్లవారి ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేసరికి, సంగతి కంపెనీ సైటు మేనేజరు దాకా వెళ్ళింది. ఊరి ముందర కంపెనీ పరువు. మేనేజరు కంపెనీకి ఉన్న ట్యాంకర్లన్నింటినీ ఆ రోడ్డు మీదికి తోలించాడు. రాజలింగు ఒక కొస నుంచి నీళ్ళు కొట్టుకుంటూ పోతే, మరొకడు ఎదురు వచ్చేవాడు. ఊళ్ళో కోళ్ళు వానాకాలం వచ్చిందనుకుని చూరుల కింద చేరాయి. లారీ పోతే దుమ్ము లేదు, చప్పుడు మాత్రమే. తమాషా చూడడానికి నేను బండి కట్టేసి వెళ్ళాను.

మధ్యాహ్నం అవ్వ అన్నాలు వడ్డించి ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ అన్నం తినేటోళ్ళను సల్లగ సూడు. ట్యాంకరు తోలెటోనికి గిదే బుద్ధి రేపు గూడ ఇయ్యి. ఆమెన్." సారు కూడా ఆమెన్ అన్నాడు, పప్పు చొక్కా మీద పడకుండా మెడ ముందుకు చాపి.

కాక మంచం మీద కూర్చుని ఆయన్ని ఎగాదిగా చూశాడు. "సారూ, ఉద్యోగంల ఉన్నప్పుడు లోపల బొగ్గు తిన్న. రిటైరైనంక మీద మట్టి తింటున్న. నాకు కూడు మీరే పెడ్తుండ్రు."

"అలా అనకండి. ధూళి నియంత్రణలో మూడు దశలుంటాయండి. మొదటి దశలో..." అని సారు మొదలుపెట్టాడు. వేళ్ళు మడుస్తూ రెండో దశకు వచ్చేసరికి కాక నిద్రపోయాడు. కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగి, నోరు తెరిచి, గురక.

"ముఖ్యమైన పాయింటు చెబుతున్నానండి" అన్నాడు సారు, చిన్నబుచ్చుకుని.

"ష్" అంది అవ్వ. ఆ 'ష్' అనడంలో ఎంత గట్టిదనం ఉందంటే ఆయన మూడో దశ ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

సాయంత్రం దాకా ఆయన కదలకుండా కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు లేచి, చేతులు చాపి, ముందూ వెనకా తిరిగాడు. మల్లెపువ్వు. "గెలిచానండి!"

"గెలిచినవ్ బిడ్డా. రేపు గూడ రా" అంది అవ్వ.

ఆయన నవ్వుతూ జీపు దాకా వెళ్ళాడు. కాలు లోపల పెట్టబోయి ఆగాడు. తడి రోడ్డును చూశాడు. మంచం మీద ఇంకా గురక పెడుతున్న కాకను చూశాడు. మనిషికి అప్పుడు వెలిగింది. తను గెలవడానికి రాలేదు, అవ్వ పిలిపించుకుంటే వచ్చాడు.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అక్కడే కూర్చునేవాడు. ఆయన అరుగు మీద ఉంటే ట్యాంకరు వచ్చేది, లేకుంటే రాదు. కొన్నాళ్ళకు మేనేజరు ఇది కనిపెట్టి, సారును గెస్ట్‌హౌసు దగ్గర ఆఫీసు గదిలో రిపోర్టులకు కూర్చోబెట్టాడు. ట్యాంకర్లు గెస్ట్‌హౌసు పూలమొక్కలకు మళ్ళాయి. కాకకు మళ్ళీ పగలూ రాత్రీ దగ్గు.

ఒకరోజు అవ్వ షేర్ ఆటో దిగి నా బండి దగ్గరికి వచ్చింది. "సారుది పాత అంగి ఒకటి ఇయ్యి బిడ్డా" అంది. చేతి దగ్గర చిరిగిన చొక్కా ఒకటి ఆయన నాకే వదిలేశాడు. ఇచ్చాను. ఎందుకో చెప్పాక గడ్డి కూరడానికి నేనూ వెళ్ళాను, ఇలాంటి పనులకు నన్ను బొట్టు పెట్టి పిలవనక్కర్లేదు. అరుగు మీద అదే కుర్చీ, అందులో గడ్డి బొమ్మ, ఒంటి మీద తెల్ల చొక్కా, నెత్తిన పాత టోపీ. మోచేతులు పక్కలకు తగలకుండా పెట్టాను. మలుపు దగ్గర నుంచి చూస్తే అచ్చం సారే.

రాజలింగు మొదటిరోజు నిజంగానే మోసపోయి, నమస్తే పెట్టి నీళ్ళు కొట్టాడు. రెండోరోజు దగ్గరికి వచ్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నీళ్ళు కొట్టడం మాత్రం తర్వాత కూడా ఆపలేదు. సూపర్‌వైజరు ఎందుకు అటు వెళ్ళావని అడిగితే, "సారు కూసున్నడు, ఏం జెయ్యాలె మరి?" అనేవాడు. అబద్ధం కాదు. కూర్చున్నాడు కదా.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోజూ చౌరస్తాలో ఎవరిదో ఒకరి దిష్టిబొమ్మ తగలబడేది. నా బండికి పాత ప్యాంట్లు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మా ప్రాంతంలో ఆ రోజుల్లో గడ్డి కూరిన చొక్కా ఎవరి కంట పడినా ఒకటే అర్థం, అగ్గిపెట్టె వెనకే వస్తోందని. కోస్తా మనిషికైతే ఇంకా త్వరగా అర్థమవుతుంది.

అలాంటప్పుడు సారు జీపులో ఆ దారిన వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను, బొమ్మకు జారిన గడ్డి ఎక్కిస్తూ. ఆయన దిగాడు. తన చొక్కాను గుర్తుపట్టాడు. ముఖం పాలిపోయింది. అదే సమయానికి ఊరి లోపల నుంచి డప్పు చప్పుడు వినిపించింది. ఎవరింట్లోనో పెళ్ళి.

"నేనేం చేశానండి మీకు?" అన్నాడు. "కంపెనీని తిట్టండి, నన్ను తిట్టండి. మీ ఇంట అన్నం తిన్నానండి. తగలబెట్టేంత పని చేశానా?"

నాకు జోకు ఏదీ తట్టలేదు. జీవితంలో అలా జరగడం తక్కువ. అవ్వ లోపలి నుంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎవలు కాలవెడ్తరు బిడ్డా నిన్ను? నువ్వు రావైతివి. నిన్ను డ్యూటీకి ఎక్కిచ్చినం. గీ బొమ్మను సూసి ట్యాంకరోడు నీళ్ళు కొడ్తుండు. మీ కాక పండుకుంటుండు. సూడు."

సారు మంచం వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. తర్వాత వంగి, బొమ్మ మెడ దగ్గర గుండీ సరిచేసి, నా వైపు తిరిగాడు.

"ఇస్త్రీ లేకుండా కూర్చోబెట్టారేంటండి నన్ను?"

అంతటితో అయిపోతే బాగుండేది. హామీల అమలు చూడటానికి పై ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. మేనేజరు ఆ బొమ్మ తీసేయమని సారుకే చెప్పాడు. ట్యాంకర్లన్నీ గుట్ట మీది మొక్కలకు, గేటు దగ్గర గడ్డికి పంపాడు. ఊరి రోడ్డు వాళ్ళకు చూపించే దారిలో లేదు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున సారు వచ్చి బొమ్మను తీశాడు. గడ్డి దులిపి గోడకు ఆనించాడు. ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. నీళ్ళు లేవు. ఎండ. లారీ వెంట లారీ. నేను చూస్తూండగానే ఆయన తెలుపు నుంచి గోధుమకు, గోధుమ నుంచి రోడ్డు రంగుకు మారాడు. కనుబొమలు, మీసం, చెవులు అన్నీ ఒకటే రంగు. నేను చొక్కా మార్చుకోమని రెండోది తెచ్చి చూపించాను. వద్దని తల ఊపాడు. తల ఊపితే కూడా దుమ్ము రాలింది.

గుట్ట మీద పెద్దవాళ్ళు మొక్కలు చూశారు. మీ పర్యావరణ అధికారి ఏడని అడిగారట. మేనేజరు ఫోను చేశాడు. "డ్యూటీలో ఉన్నానండి, మొదటి హామీ దగ్గర. ఇక్కడికే తీసుకురండి" అని సారు చెప్పడం నేను విన్నాను.

అద్దాలు ఎత్తుకుని కార్లు వచ్చాయి. అందరికన్నా పెద్దాయన దిగి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏడీ మీ ఆఫీసరు?" అన్నాడు. మేనేజరు తెల్ల చొక్కా కోసం అటూ ఇటూ వెతికాడు. ఎక్కడా లేదు. అరుగు మీద రోడ్డు రంగులో ఉన్న ఆకారం ఒకటి మెల్లగా లేచి, చేతులు కట్టుకుంది.

"నేనేనండి. మీ పర్యావరణ అధికారిని."

ఎవరూ నవ్వలేదు, కాక తప్ప. కాక నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగదు. అవ్వ వీపు రాస్తోంది, నీళ్ళ గ్లాసు నోటికి అందిస్తోంది, ఆగదు. పెద్దాయన ముక్కు మీది రుమాలు తీసి ఆ దగ్గు మొత్తం నిలబడి విన్నాడు. అవ్వ ఆయన్ని లోపలికి రమ్మంది. "జరసేపు కూసో నాయినా, నీకే తెలుస్తది" అంది. ఆయన కూర్చోలేదు. కారెక్కాడు.

తర్వాత రెండు ఆర్డర్లు ఒకేసారి వచ్చాయి. ఊరి రోడ్డుకు ఒక ట్యాంకరు ఖాయం, అది మరో పనికి పోకూడదు. సారు వేరే రాష్ట్రంలో ఏదో సొరంగం పనికి ట్రాన్స్‌ఫరు. ఆ కంపెనీలో అంత జల్దీగా ఏ పనీ కావడం నేను చూడలేదు.

వెళ్ళే రోజు ఆయన మిగిలిన చొక్కాల కోసం నా బండి దగ్గరికి వచ్చాడు. స్టేషనుకు ఆటో మాట్లాడి నేనూ ఎక్కాను. దారిలో అవ్వ ఇంటి ముందు ఆపమన్నాడు. మిట్టమధ్యాహ్నం. రాజలింగు అప్పుడే నీళ్ళు కొట్టి పోయాడు. అవ్వ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కాక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. "ఉండు సారూ, లేపుత. పోయేటప్పుడు ఒక్క మాటన్న మాట్లాడకుంటే గోస పడ్తడు."

"వద్దు, లేపకండి" అన్నాడు సారు.

ఆయన బూట్లు చప్పుడు చేస్తాయని విప్పి చేతిలో పట్టుకున్నాడు. ప్యాంటు అంచులు తడుస్తాయని మడుచుకున్నాడు కూడా, అక్కడ మాత్రం మారలేదు. కాసేపు మంచం పక్కన నిలబడి, ఆ తడి రోడ్డు మీద ఉత్త కాళ్ళతో ఆటో దాకా నడిచాడు.